చెవిటి బండి

ఫెన్నా నడుపుతున్న లెపర్డ్ ట్యాంకు మీద తను కొట్టిన పదకొండో గుండు కూడా తగలకుండా పోయేసరికి బెరెంద్ తన రిమోటుని గడ్డిమీద పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"చెవిటి బండి!"

మైదానంలో తిరుగుతున్న తొమ్మిది బండ్లూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిండి ఫ్యాక్టరీ మూతపడ్డాక దాని వెనక మిగిలిపోయిన స్థలం అది. బంకమట్టి గుట్టలు, ఇసుక, రెండు మడుగులు, పలకలతో కట్టిన చిన్న వంతెన. అక్కడ ప్రతి ఆదివారం చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లు చేతి పొడుగు ట్యాంకులతో యుద్ధాలు చేస్తారు. గత అక్టోబరు నుంచి ఒక ఆడమనిషి కూడా చేస్తోంది.

ఆ మాట అక్కడ ఎవరూ ఊరికే అనరు. ఈ బండ్ల గొట్టాల్లోంచి వచ్చేది కంటికి కనపడని కిరణం. దాన్ని అందుకోవడానికి ప్రతి బండి నెత్తిమీదా చిక్కుడు గింజంత నల్లటి పూస ఒకటి ఉంటుంది. క్లబ్బులో దాన్ని చెవి అంటారు. చెవి వింటే బండి ఒక్క కుదుపుతో వెనక్కి జరుగుతుంది. ఆరుసార్లు వింటే చచ్చిపోయినట్టు పడి ఉండి, కాసేపటికి మళ్లీ లేస్తుంది. చెవికి ఏదైనా అడ్డం పెట్టినవాడి బండికి చావు లేదు. అందుకని మనిషిని తాగుబోతు అన్నా, పిసినారి అన్నా నవ్వి ఊరుకునే ఆ క్లబ్బులో, చెవిటి బండి అంటే మాత్రం దొంగ అన్నట్టే లెక్క.

ఫెన్నా మొహం ఎర్రబడింది. ముప్పై నాలుగేళ్ల మనిషి. బీటుదుంపల సీజన్లో రైతుల పొలాల్లో కోత యంత్రం నడుపుతుంది. పదహారు టన్నుల యంత్రాన్ని కాలవగట్టు మీద తిప్పే చేతికి ఈ బొమ్మ బండి ఒక లెక్కా? వచ్చిన ఎనిమిది నెలల్లోనే పాతకాపుల్ని మడుగుల్లోకి నెట్టడం మొదలుపెట్టింది. అది కొందరికి సరదాగా ఉండేది. కొందరికి అంత సరదాగా ఉండేది కాదు.

"నేనేం చేయలేదు," అంది ఫెన్నా.

బెరెంద్ క్లబ్బుకి అధ్యక్షుడు. ఇంటిపైకప్పు పెంకుల వ్యాపారం చేసి, కొడుక్కి అప్పజెప్పి, ఇప్పుడు క్లబ్బు మీద పెత్తనం చేస్తున్నాడు. అతను వెళ్లి లెపర్డ్‌ని మట్టిలోంచి ఎత్తి బల్లమీద పెట్టాడు. పది అంగలు వెనక్కి వేసి తన సెంచూరియన్ ట్యాంకుతో కొట్టాడు. కదల్లేదు. మూత విప్పి చూశాడు. టేపు లేదు, కాగితం ముక్క లేదు.

"లోపల ఏదో మీట పెట్టించి ఉంటుంది," అన్నాడు చివరికి. "ఈ రోజుల్లో అన్నీ దొరుకుతున్నాయిగా."

అప్పుడు అందరి చూపులూ గుడారం కింద మడతకుర్చీలో కూచున్న రూలోఫ్ మీదకి తిరిగాయి. ఎందుకంటే ఆ బండికి చెవి బిగించింది రూలోఫ్. ఆ మాటకొస్తే, ఆ మైదానంలో తిరిగే వాటిలో ముప్పాతిక వంతు రూలోఫ్ చేతిమీదుగా పోయినవే. పెట్టెలోంచి తీసిన ట్యాంకు తివాచీ మీద పరిగెత్తుతుంది, బయట ఇసుకలో పెడితే అరగంటలో పళ్లూడిపోయి కూలబడుతుంది. ప్లాస్టిక్ పళ్లచక్రాలు పీకి ఉక్కువి వేయాలి. ఇరుసులకి బేరింగులు కూర్చాలి. గొలుసు పట్టాలని మరీ బిగించకుండా, మట్టి దూరి మట్టే బయటికి పోయేంత వదులు ఇవ్వాలి. మూతల అంచులన్నిటికీ రబ్బరు కొట్టాలి. ఎండ తగిలితే చెవికి వినపడదు గనక దానికి ఇత్తడి గొడుగు పెట్టాలి, వాన తగిలితే పాడవుతుంది గనక మొదలు చుట్టూ నల్ల రబ్బరు జిగురు పూయాలి. ముప్పై ఏళ్లు సైకిళ్లు బాగుచేసి, కొట్టు మూసేశాక రూలోఫ్ ఈ పని పట్టుకున్నాడు. చెయ్యి తిరిగినవాడని జిల్లా అంతా పేరు.

"ఏం రూలోఫ్? నీ దగ్గర ఉన్నప్పుడు ఎలా ఉంది దీని చెవి?" అని అడిగాడు బెరెంద్.

"నా బల్లమీద బాగానే పలికింది," అన్నాడు రూలోఫ్.

అది నిజమే. జానెడు దూరం నుంచి కొట్టి చూశాడు, పలికింది. అతను అన్నది ఆ ఒక్క మాటే. కాని ఆ మాటతో ఫెన్నా పని అయిపోయింది. బల్లమీద పలికిన చెవి మైదానంలో మూగబోయిందంటే మధ్యలో ఎవరో ఏదో చేశారన్నమాట, ఆ ఎవరో ఎవరన్నది చిన్నపిల్లాడైనా చెబుతాడు.

ఫెన్నా రూలోఫ్ వంక చూసింది. బండిని డబ్బాలో పెట్టుకుని, డబ్బాని సైకిలు వెనక కట్టుకుని వెళ్లిపోయింది. వచ్చే శనివారం సమావేశంలో సంగతి తేలుస్తామని బెరెంద్ ఆమె వెనకాల అరిచి చెప్పాడు. తర్వాత ఆట మళ్లీ సాగింది. ఒక్క దెబ్బ కూడా తినకుండా బెరెంద్ సెంచూరియన్ గెలిచింది. నడపడమంటే అదీ అని అందరూ అతని భుజం తట్టారు.

సోమవారం పొద్దున్నే బెరెంద్ ఆ సెంచూరియన్‌ని తెచ్చి రూలోఫ్ పెరట్లో షెడ్డు ముందు దింపాడు. గెలిచిన బండికి మట్టి వదిలించడం కూడా చిన్నతనమే అతనికి.

"కాస్త కడిగిపెట్టు. గ్రీజు మార్చు. తొందరేం లేదు, రేపు వస్తా."

"కాఫీ తాగుతావా?"

"వద్దులే. మా కోడలి దగ్గర రెండు కప్పులైనాయి."

రూలోఫ్ బండిని తొట్టిలో పెట్టి పని మొదలుపెట్టాడు. ముందు చక్రాల మధ్య చుట్టుకున్న గడ్డి. దాన్ని కత్తిరించకూడదు, కత్తిరిస్తే ముక్కలు బేరింగులోకి పోతాయి. పట్టకారుతో కొస పట్టుకుని చుట్టిన దారినే వెనక్కి విప్పాలి. ఇదివరకు పట్టకారు లేకుండా వేళ్లతోనే చేసేవాడు. తర్వాత గొలుసు పట్టాలు. తర్వాత పైభాగం, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో, గోరువెచ్చని నీళ్లతో.

ఇత్తడి గొడుగు తీసి చెవి మీద బ్రష్షు తిప్పుతుంటే, పాలమీద మీగడ లేచినట్టు ఒక పక్కన సన్నటి పొర ఏదో లేచింది.

రూలోఫ్ బ్రష్షు ఆపేశాడు. దీపం దగ్గరికి లాగాడు. నల్లటి పూస మీద నల్లటి రబ్బరు పొర. లేచిన కొస కనపడింది గాని, మిగతాది ఎంత చూసినా కనపడలేదు. నలుపు మీద నలుపు. అందుకే అది కంటితో చూసే పని కాదు, వేలితో చూసే పని. జిగురు పూశాక ఆరకముందే చూపుడువేలు పూసమీద తిప్పాలి. గాజులా జారితే శుభ్రంగా ఉన్నట్టు, కొంచెం పట్టినట్టుంటే పొర ఉన్నట్టు. జానెడు దూరంలో ఆ పొర లెక్కలోకి రాదు. పది అంగల దూరంలో గోడ అడ్డం పెట్టినట్టే.

అతను కుడిచేతి చూపుడువేలు ఆ పూసమీద పెట్టి తిప్పాడు. ఏమీ తెలియలేదు. ఎడమచేతిది పెట్టాడు. ఏమీ తెలియలేదు.

శీతాకాలం నుంచి ఇంతే. మొదట తిమ్మిరి అనుకున్నాడు. తర్వాత ఊలు చేతితొడుగులు వేసుకుని పని చేస్తున్నట్టు ఉండేది. షుగరు వల్ల నరాలు పోతున్నాయని, పోయినవి తిరిగి రావని డాక్టరు మార్చిలో చెప్పింది. ఆ ముక్క రూలోఫ్ ఎవరితోనూ అనలేదు. కళ్లతో, పట్టకార్లతో, అలవాటుతో నెట్టుకొచ్చాడు. ఆ ఆదివారానికి ముందు వారమే సెంచూరియన్‌కీ లెపర్డ్‌కీ కొత్త చెవులు ఒకే రోజున బిగించాడు, ఒకదాని తర్వాత ఒకటి, ఒకే జిగురు గొట్టంతో. దీని సంగతి ఇదైతే దాని సంగతీ ఇదే.

అంటే ఆదివారం రెండు చెవిటి బండ్లు మైదానంలో తిరిగాయి. ఒకదాన్ని నేర్పు అన్నారు, ఇంకోదాన్ని దొంగతనం అన్నారు.

అతనికి భయం వేయాలి, లేకపోతే సిగ్గన్నా వేయాలి. ఏదీ వేయలేదు. తొట్టిలో నీళ్లు చల్లారిపోయిన సంగతి గమనించాడు, అంతే. పట్టకారుతో కొస పట్టుకుని లాగితే పొర మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. దాన్ని చెత్తడబ్బాలో వేశాడు. పూసని స్పిరిట్టుతో తుడిచి, గొడుగు పెట్టి, గ్రీజు మార్చాడు. మధ్యాహ్నానికి బండి కొత్తదానిలా ఉంది.

మంగళవారం బెరెంద్ వచ్చి చూసి ఈల వేశాడు.

"నీ చేతులకి బంగారు తొడుగులు చేయించాలోయ్. సరే విను. శనివారం ఆ అమ్మాయి సంగతి తేల్చేద్దాం. సభ్యత్వం తీసేస్తే సరి. నువ్వు ఆదివారం అన్నావే, బల్లమీద బాగానే పలికిందని, ఆ ఒక్క మాట మళ్లీ అంటే చాలు."

రూలోఫ్ తలూపాడు. ఎందుకు ఊపావని ఎవరైనా అడిగితే చెప్పలేడు. తల దానంతటదే ఊగింది.

బుధవారం రొట్టె కొనుక్కొస్తుంటే కాలవగట్టు మీద ఎదురుగా పెద్ద ట్రాక్టరు వచ్చింది. రూలోఫ్ సైకిలు దిగి పక్కకి నిలబడ్డాడు. పైన ఫెన్నా ఉంది. ఆ ప్రాంతంలో ఎదురుపడ్డవాళ్లకి స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించడం మామూలు. ఫెన్నా వేలు ఎత్తింది. రూలోఫ్ కూడా ఎత్తాడు. ట్రాక్టరు వెళ్లిపోయాక కూడా కాసేపు వేలు అలాగే ఎత్తి నిలబడ్డాడు.

గురువారం వాన పడింది. రూలోఫ్ షెడ్డులో కూచుని కోర్ అనే ముసలి మిత్రుడి బండికి ఇరుసులు బిగించాడు. నాలుగు బేరింగులు కూర్చడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రెండు కింద పడి దొర్లిపోతే మోకాళ్లమీద వంగి దీపం పెట్టి వెతుక్కున్నాడు.

శుక్రవారం అన్నం వేళకి అతని భార్య హిల్లీ షెడ్డు తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటా కంపు?"

"టంకం వేస్తున్నా."

"టంకం కంపు నాకు తెలీదా? చర్మం కాలుతోంది. ఏదీ చెయ్యి చూపించు."

చూశాడు. కాలుతున్న టంకం కడ్డీకి ఆనిన ఉంగరపు వేలు కొస తెల్లగా కాలి ఉంది. హిల్లీ వచ్చి ఆ చేతిని లాక్కెళ్లి కుళాయి కింద పెట్టింది. వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించి మందులు ఇచ్చే ఉద్యోగం ఆమెది. ఇలాంటివి చూసి కేకలు పెట్టే మనిషి కాదు.

"ఇంకెన్నాళ్లు దాస్తావ్?"

"దాచేదేముంది?"

"నా దగ్గర వేషాలు వేయకు. మొన్న కప్పు బద్దలుకొట్టావు. చొక్కా గుండీలు నేను పెట్టాల్సి వస్తోంది. క్లబ్బులో చెప్పేయ్, ఇక చేయలేనని."

"చెబితే నాకేం మిగులుతుంది హిల్లీ?"

ఆమెకి కోపం వచ్చింది. "నేను మిగులుతాను. ఎందుకూ పనికిరానా?"

రూలోఫ్ నవ్వలేదు. కుళాయి నీళ్లు వేలిమీద పడుతుంటే చూస్తూ ఆదివారం సంగతి, సోమవారం సంగతి, మంగళవారం తల ఊపిన సంగతి చెప్పాడు. వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పాడు. హిల్లీ కుళాయి కట్టేసింది. వేలు తుడిచి, మందు రాసి, గుడ్డ చుట్టింది.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు."

"దుంపలు చల్లారిపోతున్నాయి, రా," అంది ఆమె.

శనివారం పది గంటలకి పిండి ఫ్యాక్టరీ పాత క్యాంటీన్లో ఎనిమిదిమంది చేరారు. కోర్ కాఫీ పోశాడు. బిస్కెట్ల డబ్బా ఒక చుట్టు తిరిగింది, ఒక్కొక్కరూ ఒక్కొక్కటి తీసుకున్నాక మూత పడింది. ఫెన్నా కిటికీ పక్కన కూచుంది. బండి ఉన్న డబ్బా ఆమె కాళ్ల దగ్గర ఉంది. బెరెంద్ కళ్లజోడు పెట్టుకుని కాగితం తీశాడు.

"విషయం అందరికీ తెలిసిందే. చెవిటి బండితో ఆడినవాళ్లని తీసేయాలని మన నియమం. ఫెన్నా, నువ్వేమన్నా చెప్పుకుంటావా?"

"ఆదివారమే చెప్పాను. నేనేం చేయలేదు."

"అది సరే. రూలోఫ్, నువ్వు చెప్పు."

రూలోఫ్ లేచి నిలబడ్డాడు. ఆ క్లబ్బులో లేచి నిలబడి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. అందరూ కాఫీలు కింద పెట్టారు.

"తప్పు నాది," అన్నాడు. "జిగురు చెవి మీదకి పాకింది. నేను చూసుకోలేదు. జానెడు దూరంలో పలికింది గాని, దూరం నుంచి పలకదు. ఆమె చేసిందేం లేదు."

బెరెంద్ కళ్లజోడు తీసి నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ముచ్చటపడ్డ నవ్వు.

"చూశారా, మంచితనమంటే ఇదీ. ఆడపిల్లని కాపాడాలని తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. కూచో రూలోఫ్."

"నేను నిజం చెబుతున్నా. నీ సెంచూరియన్ చెవి కూడా అంతే. సోమవారం కడిగేటప్పుడు పొర ఊడింది. నేనే తీసి పారేశాను."

నవ్వు కొంచెం తగ్గింది. "నా బండా? నా బండికి చెవుడా?"

"అవును."

"ఆదివారం నాకు దెబ్బ తగల్లేదంటే చెవుడు వల్లనా? మడుగు చుట్టూ తిప్పి తిప్పి నేను నడిపిన నడక అంతా..." బెరెంద్ మాట పూర్తి చేయలేదు. "ఏదీ మరి? ఆ పొర ఏదీ?"

"చెత్తలో వేశాను. గురువారం చెత్త ఎత్తే బండి వచ్చి పట్టుకుపోయింది."

"బాగుంది!"

కోర్ కలగజేసుకున్నాడు. డెబ్బై ఏళ్లవాడు, ఎవరినైనా ఒరేయ్ అనే చనువు తెచ్చుకున్నవాడు. "ఒరేయ్ రూలోఫ్, అబద్ధం చెప్పినా అతికినట్టుండాలిరా. జిగురు పాకితే నీ వేలికి తెలీదా? ఏటా డిసెంబరు విందులో నీ కళ్లకి గుడ్డ కట్టి చేతిలో మరమేకులు పెడితే, ఇది రెండు మిల్లీమీటర్లు, ఇది రెండున్నర అని చెప్పేవాడివి. పందెం కాసి నీవల్ల ఎన్ని బీర్లు పోగొట్టుకున్నాను నేను! నీ వేళ్లకి తెలియకుండా పొర ఉంటుందా? ఎవడు నమ్ముతాడు?"

అందరూ తలలూపారు. రూలోఫ్‌కి అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ల మంచిపేరు వచ్చి ఆ అమ్మాయికి అడ్డంగా నిలబడింది. అతని చేతులు తప్పు చేయవు గనక ఆమె దొంగ.

"కట్టు," అన్నాడు.

"ఏంటి?"

"కళ్లకి గుడ్డ కట్టు. మరమేకు పెట్టు."

కోర్ నవ్వుతూనే లేచాడు. కప్పులు తుడిచే తువ్వాలు తెచ్చి కట్టాడు. రూలోఫ్ కుడిచేయి చాపాడు. వేళ్లు సాగదీసి, అరచెయ్యి పైకి తిప్పి పట్టుకున్నాడు. అవతల సొరుగు లాగిన చప్పుడు, మరమేకులు కెలికిన చప్పుడు వినపడ్డాయి. తర్వాత గదంతా నిశ్శబ్దమైంది.

రూలోఫ్ ఆగాడు. ఇంకా ఆగాడు.

"పెట్టవోయ్," అన్నాడు.

కిటికీ బయట ఎవరో సైకిలు మీద పోతున్న చప్పుడు వినపడింది.

"పెట్టు కోర్. ఏం చూస్తున్నావ్?"

"పెట్టాను," అన్నాడు కోర్. "ఎప్పుడో పెట్టాను. నీ వేళ్లమీదే ఉంది."

రూలోఫ్ వేళ్లు ముడిచాడు. దొరకలేదు. నేలమీద సన్నగా ఖంగుమంది. అది దొర్లుకుంటూ పోయి ఎవరి చెప్పుకో తగిలి ఆగింది. అతను తువ్వాలు విప్పుకునేసరికి అందరూ ఎటో ఒకవైపు చూస్తున్నారు. కోర్ ఒక్కడే అతని చేతివైపు చూస్తున్నాడు, కాలిన వేలికి చుట్టిన గుడ్డవైపు.

"శీతాకాలం నుంచి ఇంతే," అన్నాడు రూలోఫ్. "ముందే చెప్పాల్సింది."

బెరెంద్ చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుని, కాగితం మీద ఏదో కొట్టేసి, ఇంకేదో రాశాడు.

"పోయిన ఆదివారం ఆట రద్దు అని రాస్తున్నా. రెండు బండ్లలోనూ సాంకేతిక లోపం. అభ్యంతరం లేదుగా ఎవరికీ?"

లేదు. చెవిటి బండి అని అరిచిన నోరు మాత్రం ఫెన్నావైపు తిరగలేదు. పొరపాటు పడ్డామమ్మా అనడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. కోర్ కూజా పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లి, "ఇంకొంచెం పోయనా?" అన్నాడు. బిస్కెట్ల డబ్బా మూత కూడా తీసి పట్టుకున్నాడు. వద్దంది ఫెన్నా.

సమావేశం అయ్యాక బయట ఎండలో కోర్ రూలోఫ్ పక్కనే నడిచాడు.

"నా ఇరుసుల పని ఉందే... నువ్వు శ్రమపడకురా. నేనే వచ్చి తీసుకుపోతాలే."

"అయిపోయింది. నాలుగూ బిగించాను."

"అయినా సరే. పట్టుకుపోతా."

పన్నెండు గంటలకల్లా ముగ్గురు వచ్చి షెడ్డులోంచి తమ తమ బండ్లు పట్టుకుపోయారు. అందరూ ఆరోగ్యం అడిగారు. ఒకడు తెలిసిన డాక్టరు పేరు చెప్పాడు. ఒకడు మనం మనం కలుస్తూనే ఉంటాంగా అన్నాడు, ఊరు వదిలి పోతున్నవాడితో అన్నట్టు. కోర్ తన బండిని సంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి రూలోఫ్ మెడమీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. అలమర అరలు ఖాళీగా కనపడ్డాయి. రూలోఫ్ గుడ్డ తీసుకుని ఆ అరలు తుడిచాడు.

తుడుస్తుండగా గుమ్మంలో సైకిలు ఆగింది. ఫెన్నా డబ్బా మోసుకుంటూ లోపలికి వచ్చి, లెపర్డ్‌ని తీసి బల్లమీద పెట్టింది.

"నాకు ఆదివారం సాయంత్రమే తెలుసు," అంది.

రూలోఫ్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "ఏం తెలుసు?"

"ఇంటికెళ్లి దీని చెవిని గోటితో గీకాను. అంచు లేచింది. మళ్లీ అద్ది అంటించేశాను."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"చెబితే ఏమనేవాళ్లు? నేనే పూసుకుని మీమీదకి తోస్తున్నాననేవాళ్లు. రూలోఫ్ గారి వేళ్లకి తెలియకుండా పొర ఉంటుందా అనేవాళ్లు. ఇవాళ అననే అన్నారుగా." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు చెబుతారని చూశాను. మీకెప్పుడు తెలిసింది?"

నిన్ననే అనొచ్చు. ఇవాళ పొద్దున అనొచ్చు. ఆమెకి తెలిసే దారి లేదు.

"సోమవారం," అన్నాడు రూలోఫ్.

ఫెన్నా తలూపింది. "అయితే బుధవారం గట్టుమీద వేలెత్తినప్పుడు మీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"చేతుల సంగతి మీ తప్పు కాదు. అది ఎవరికైనా రావచ్చు. మంగళ, బుధ, గురు, శుక్ర. ఆ నాలుగు రోజులు మాత్రం మీవే."

అతనికి సిగ్గేసింది. చెవుల దాకా వేడెక్కింది. శీతాకాలం నుంచి రాయిలా పడి ఉన్న మనిషికి ఇన్నాళ్లకి ఏదో ఒకటి తగిలింది. అది ఇంత నొప్పిగా ఉంటుందని అతను మరిచిపోయాడు. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాడు.

"అదేం వద్దు. ముందు దాన్ని తీయండి," అంది ఫెన్నా.

"నీకు గోళ్లున్నాయిగా. ఒక్క నిమిషం పని."

"మీరు పెట్టింది మీరే తీయండి."

రూలోఫ్ కూచున్నాడు. ఇత్తడి గొడుగు విప్పాడు. భూతద్దం పెట్టాడు, దీపం వంచాడు. నలుపు మీద నలుపు. ఆమె లేచిన అంచుని ఎంత బాగా అద్దిందంటే ఎక్కడా జాడ లేదు. వేలు పెట్టాడు, తెలియదని తెలిసే పెట్టాడు. పట్టకారు కొసతో తడిమితే పూస గీసుకుపోతుంది. ఫెన్నా చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని చూస్తోంది. సాయం చేసే ఉద్దేశం లేదు, వెళ్లే ఉద్దేశమూ లేదు.

చాలాసేపటికి అతను భూతద్దం పక్కన పెట్టాడు. కళ్లు మూసుకుని, బండి మీదకి వంగి, కింది పెదవిని ఆ నల్లటి పూసకి ఆనించాడు.

చల్లగా తగిలింది. మట్టి వాసన, గ్రీజు వాసన వచ్చాయి. పెదవిని మెల్లగా ఒక పక్కకి జరిపాడు. రబ్బరు కొంచెం పట్టింది. ఇంకా జరిపాడు. ఒకచోట వెంట్రుకంత గట్టు తగిలింది, దాని అవతల గాజులా నున్నగా జారింది. మళ్లీ వెనక్కి వచ్చి ఆ గట్టుని ఇంకోసారి తాకి చూశాడు. అనుమానం లేదు. పెదవి తీయకుండానే పట్టకారుని తడుముకుని తెచ్చి, ఆ చోట ఆనించి, కొస పట్టుకుని లాగాడు.

పొర రెండు ముక్కలుగా వచ్చింది. రూలోఫ్ వాటిని బల్లమీద తెల్లకాగితం మీద పెట్టాడు. ఈసారి చెత్తడబ్బా వైపు చెయ్యి పోలేదు. స్పిరిట్టు గుడ్డతో పూస తుడిచి, ఇంకోసారి పెదవి ఆనించి చూసుకుని, గొడుగు బిగించాడు.

ఫెన్నా బండిని పెరట్లోకి తీసుకెళ్లి కంచె పక్కన పెట్టింది. రూలోఫ్ చెవుల్ని పరీక్షించే తన పాత కిరణం గొట్టం పట్టుకుని పది అంగలు లెక్కపెట్టి నడిచాడు. కొట్టాడు. లెపర్డ్ ఒక్క కుదుపుతో వెనక్కి జరిగింది. ఇంకో నాలుగు అంగలు వెనక్కి వేసి, కూరమడి అంచున నిలబడి కొట్టాడు. మళ్లీ జరిగింది.

ఫెన్నా బండిని డబ్బాలో పెట్టుకుని సైకిలుకి కట్టుకుంది. తాడు ముడి ఆమే వేసుకుంది.

"ఇలాంటి పని మళ్లీ పడితే ఎవరి దగ్గరికి వెళ్తావ్?" అని అడిగాడు రూలోఫ్. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "పెదవితో చూసి చేయగలను. ఆలస్యమవుతుంది గాని తప్పు రాదు. తెస్తావా?"

ఫెన్నా సైకిలు ఎక్కి, ఒక కాలు నేలమీద ఆనించి ఆలోచించింది. అవునంటుందో కాదంటుందో ఆమె మొహం చూస్తే తెలియలేదు.

"నాలుగు రోజులాగి చెబుతాను," అంది.

ఆమె మలుపు తిరిగేదాకా రూలోఫ్ గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆది, సోమ, మంగళ, బుధ అని లెక్కపెట్టుకున్నాడు. ఆదివారం ఇంకా రానే లేదు.